పార్కిన్సన్స్ ఉన్న పెద్దవాళ్లకు మతి తప్పుతుంటే: గోలీల టైమ్ నుంచి రాత్రి లైటు దాకా ఏం చేయాలి

పోయిన శ్రావణంలో ఒక సాయంత్రం మా నాన్న వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి, "ఆ పిల్లలకు అన్నం పెట్టినవా బిడ్డా, ఎప్పటిసంది కూసున్నరు పాపం" అన్నాడు. హాల్లో ఎవరూ లేరు. సోఫా మీద మడత పెట్టని బట్టలు తప్ప ఏమీ లేదు. గరిటె చేతిలో అట్లాగే పట్టుకుని ఒకసారి హాల్లోకి, ఒకసారి ఆయన ముఖంలోకి చూశాను. ఆయన ముఖంలో భయం లేదు, ఆకలితో కూర్చున్న పిల్లల మీద జాలి ఉంది, అంత స్పష్టంగా కనిపిస్తున్నారు ఆయనకు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి చుట్టాల ఫోన్లు, గాలి సోకిందేమో, తాయెత్తు కట్టించమని.

మీ ఇంట్లో కూడా ఇలాంటిది మొదలైతే ఏం చేయాలో, నాకు తెలిసిన వరుసలో రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాను, సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో పార్కిన్సన్స్ ఉన్న నాన్నను ఏడేళ్లుగా చూసుకుంటున్న కూతుర్ని. గోలీ డోసు పెంచడం, తగ్గించడం, ఆపడం మీ న్యూరాలజిస్ట్, అంటే మెదడు, నరాల డాక్టర్ చెప్తేనే చేయండి. నేను చెప్పేదంతా ఆ డాక్టర్ దగ్గరికి మీరు ఏం తీసుకెళ్లాలి, ఇంట్లో ఏం చూసుకోవాలి అనే దాని గురించి.

ముందుగా ఒక్క విషయం అర్థం చేసుకోవాలి. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ డాక్టర్ ఈ జబ్బు గురించి మొదటిసారి వివరంగా రాసినప్పుడు బుద్ధికి, ఇంద్రియాలకు దెబ్బ తగలదు అని రాశారు. ఆయన చూసింది కొద్దిమందినే. ఆ మాట తప్పని తర్వాత తేలినా, మన ఇళ్లలో ఇప్పటికీ దీన్ని వణుకుడు జబ్బు అనే అనుకుంటాం, చెయ్యి వణకడం, అడుగు పడకపోవడం వరకే చూస్తాం. చాలామందిలో ఏళ్లు గడిచేకొద్దీ ఆలోచన నెమ్మదించడం, ధ్యాస నిలవకపోవడం, లేనివి కనిపించడం కూడా ఈ జబ్బులో భాగంగానే వస్తాయి. ఒకవేళ వణుకు మొదలైన ఏడాది లోపే, లేదా అంతకంటే ముందే మతి తప్పడం కనిపించి ఉంటే దాన్ని లెవీ బాడీ డిమెన్షియా అంటారు (డిమెన్షియా అంటే బుద్ధి, జ్ఞాపకం క్రమంగా తగ్గిపోవడం), కాబట్టి ఏది ముందు వచ్చిందో తేదీలతో సహా డాక్టర్‌కు చెప్పండి.

ఇక అసలు చిక్కు ఏంటంటే, కాళ్లను నడిపించే గోలీ కళ్లకు లేనివి చూపించగలదు. లేనివి కనిపించకుండా ఇచ్చే గోలీల్లో చాలావాటికి కాళ్లు బిగుసుకుపోతాయి. డాక్టర్ ఈ రెండింటి మధ్య తూకం వేస్తూ ఉంటారు, కానీ ఓపీలో మన వంతు వచ్చాక దొరికే కాసేపట్లో ఆయనకు కనిపించేది ఆ కాసేపటి మనిషే. కాళ్లూ బుద్ధీ రెండూ ఇరవై నాలుగ్గంటలు చూసేది మీరే. ఆ తూకంలో మీ మాట బరువు చాలా ఎక్కువ.

మొదటి పని, ఒక నోట్‌బుక్

ఈ రోజే కొనండి, పది రూపాయల నోట్‌బుక్ చాలు. ఫోన్లో రాద్దామనుకుంటే ఇంట్లో మిగతావాళ్లు రాయరు. మా దాంట్లో ఒక రోజు ఇట్లా ఉంది: "6:10 గోలీ. 6:50 చెయ్యి తేలికైంది, తనే బ్రష్ చేసుకున్నాడు. 9:30 కాలు నేలకు అతుక్కుంది. 10:00 గోలీ. 5:40 సాయంత్రం పిల్లలు ఉన్నారన్నాడు. రెండు రోజులుగా మోషన్ లేదు." అంతే. పెద్ద పెద్ద వాక్యాలు అక్కర్లేదు, టైమ్ ముఖ్యం. పది రోజులు ఇట్లా రాస్తే మొండితనం అనుకున్నవి, పిచ్చి అనుకున్నవి కూడా ఒక వేళకు వస్తున్నాయని కనిపిస్తుంది. గోలీ పవర్ దిగిపోయే టైమ్‌కి చిరాకు, భయం, చెమటలు వస్తుంటే అది ఒక సమస్య. గోలీ బాగా పని చేస్తున్న టైమ్‌లోనే పిల్లలు కనిపిస్తుంటే అది వేరే సమస్య. డాక్టర్ చేసే మార్పు కూడా దాన్ని బట్టే ఉంటుంది.

గోలీ టైమ్ అంటే టైమే

మన దగ్గర ఎక్కువగా ఇచ్చేది లెవోడోపా, కార్బిడోపా కలిసిన గోలీ, సిండోపా, టిడోమెట్ లాంటి పేర్లతో వస్తుంది. లెవోడోపా ఒంట్లో ఉండేది తక్కువసేపు, దాదాపు గంటన్నరలో రక్తంలో సగానికి పడిపోతుంది. జబ్బు ముదిరేకొద్దీ ఆ తేడా ఒంటి మీద నేరుగా కనిపిస్తుంది. అందుకే "పొద్దున, మధ్యాహ్నం, రాత్రి" అనే లెక్క దీనికి సరిపోదు. 6, 10, 2, 6 అని గంటలు రాసుకోండి, ప్రతి దానికీ అలారం పెట్టండి. పెళ్లికి వెళ్లినా, పూజలో కూర్చున్నా, అలారం మోగితే గోలీ వెయ్యాల్సిందే. ఒకసారి మరిచిపోతే తర్వాత రెండు కలిపి వెయ్యకండి. ఎంత ఆలస్యం వరకు వెయ్యొచ్చు, ఎప్పుడు వదిలెయ్యాలి అనేది ముందే డాక్టర్‌ను అడిగి నోట్‌బుక్ మొదటి పేజీలో రాసిపెట్టుకోండి.

తిండి దగ్గర చాలా ఇళ్లలో తెలియక పొరపాటు జరుగుతుంది. పప్పు, గుడ్డు, పాలు, మాంసం లాంటి వాటిలో ఉండే ప్రోటీన్, ఈ లెవోడోపా, రెండూ పేగుల్లోంచి, రక్తంలోంచి మెదడుకు వెళ్లడానికి ఒకే దారి కోసం పోటీ పడతాయి. పెసరట్టు తిన్న పొద్దున నాన్నకు గోలీ ఎందుకు ఎక్కట్లేదో మాకు నెలల తరబడి అర్థం కాలేదు, పెసరట్టంటే మొత్తం పెసలే కదా. గోలీని భోజనానికి అరగంట ముందు గానీ, భోజనం చేసిన గంట తర్వాత గానీ, నీళ్లతో ఇవ్వండి. పాలతో, చాయ్‌తో ఇచ్చే అలవాటు ఉంటే మానేయండి. గోలీకి కడుపులో తిప్పితే రెండు మరమరాలో, ఒక ఉప్పు బిస్కెట్టో పెట్టొచ్చు. అట్లా అని పప్పు, గుడ్డు మొత్తం మానిపించకండి, అసలే కండ తగ్గిపోతుంటుంది. పగలు ఉప్మా, జావ, అన్నం కూర లాంటివి పెట్టి, పప్పూ పెరుగూ గుడ్డూ రాత్రి భోజనంలోకి జరిపితే కొంతమందికి బాగా పని చేస్తుంది, మాకు పని చేసింది. ఐరన్ గోలీ రాసి ఉంటే దానికీ దీనికీ కనీసం రెండు గంటల తేడా ఉండాలి.

మింగేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి. మన పెద్దవాళ్లకు గ్లాసు పెదవికి తగలకుండా తల వెనక్కి ఎత్తి నీళ్లు పోసుకునే అలవాటు ఉంటుంది. మింగడం మందగించిన మనిషికి ఇది ప్రమాదం, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గ్లాసు పెదవికి ఆనించి, గడ్డం కొంచెం కిందికి వంచి, గుక్క గుక్కగా తాగించండి. గోలీ గొంతులో ఆగుతోందంటే చెంచాడు అరటిపండు గుజ్జులో పెట్టి ఇవ్వొచ్చు. పేరు పక్కన సీఆర్ అని ఉన్న గోలీని మాత్రం నూరొద్దు, అది నెమ్మదిగా కరగడానికే చేసినది.

గోలీల డబ్బా వాళ్ల చేతికి ఇవ్వకండి, మతి తప్పడం మొదలయ్యాక ఇది తప్పదు. వేసుకున్నది మరిచి మళ్లీ వేసుకుంటారు, లేదా కాళ్లు తేలికవుతాయని ఒకటి ఎక్కువ వేసుకుంటారు. వారానికి సరిపడా గడులున్న డబ్బా తెచ్చి ఆదివారం నింపి, స్ట్రిప్పులన్నీ బీరువాలో పెట్టి తాళం వేయండి. ఆ రోజు గడి మాత్రమే బయట ఉండాలి. గణేశ్ నిమజ్జనం రోజు రోడ్లు మూసేసినప్పుడో, బోనాల టైమ్‌లోనో గోలీలు అయిపోతే చాలా ఇబ్బంది, పది రోజుల స్టాక్ ఎప్పుడూ ఇంట్లో ఉంచండి.

లెవోడోపాను ఉన్నట్టుండి ఆపొద్దు. లేనివి కనిపిస్తున్నాయని భయపడి "ఈ గోలీల వల్లే" అని మొత్తం ఆపేసిన ఇళ్లున్నాయి. అట్లా ఆపితే ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయి, తీవ్రమైన జ్వరం వచ్చి, స్పృహ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. అది ఇంట్లో చూసుకునే పరిస్థితి కాదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

లేనివి కనిపిస్తున్నాయన్న రోజు

మొదట మీరు ఒక ప్రశ్న వేసుకోండి: ఇది నెలల తరబడి మెల్లగా వచ్చిందా, రెండు మూడు రోజుల్లో వచ్చిందా? నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఇంట్లోవాళ్లను గుర్తు పట్టకపోతే, పగలంతా మగతగా ఉండి రాత్రంతా కేకలు వేస్తుంటే, అది డిమెన్షియా ముదరడం కాకపోవచ్చు. ఒంట్లో ఇంకేదో జరుగుతోంది. పెద్దవాళ్లలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే చాలాసార్లు మంట, జ్వరం లేకుండానే నేరుగా మతి తప్పుతుంది. సోడియం పడిపోయినా, ఛాతీలో నిమ్ము చేరినా, నాలుగు రోజులు మోషన్ లేకపోయినా, ఏప్రిల్, మే ఎండల్లో నీళ్లు సరిగా తాగకపోయినా అంతే. ఈ మధ్య పడి తలకు దెబ్బ తగిలిందా అని కూడా చూడండి, వాళ్లు చెప్పరు. కాబట్టి అదే రోజు డాక్టర్‌కు చూపించి యూరిన్ టెస్ట్, సోడియం, షుగర్ చేయించండి. దిష్టి తీయాలని అమ్మ అంటే తీయనివ్వండి, ఆమెకు కొంచెం ధైర్యం వస్తుంది, కానీ యూరిన్ టెస్ట్ మాత్రం ఆగకూడదు.

బీపీ కూడా చూడండి. కూర్చోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు ఇంకోసారి. పై అంకె 20 లేదా ఇంకా ఎక్కువ పడిపోతుంటే తల తిరగడం, పడిపోవడం, కాసేపు అయోమయం దాని వల్లే కావచ్చు. చాలామందికి పాత బీపీ గోలీ అట్లాగే నడుస్తూ ఉంటుంది, దాన్ని డాక్టర్ ముందు పెట్టాలి.

తర్వాత పని, ఇంట్లో ఉన్న గోలీలు, క్యాప్సూల్స్, సిరప్పులు, ఆయుర్వేదం పొడులు అన్నీ ఒక కవర్లో వేసుకుని న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లడం. మా కథ తేలింది ఇక్కడే. నాన్నకు కడుపు ఉబ్బరంగా ఉందంటే ఇంటి దగ్గర ఒక క్లినిక్‌లో గ్యాస్ క్యాప్సూల్ రాశారు. పొద్దున్నే పరగడుపున ఒకటి. మూడు వారాల్లో ఆయన నడక సగం అయిపోయింది, ముఖంలో కదలిక పోయింది. మేము జబ్బు ముదిరిందనుకున్నాం, అదే చెప్పాం, క్యాప్సూల్ సంగతి చెప్పాలని మాకు తోచలేదు, గ్యాస్‌కి కదా అని. లెవోడోపా పెంచారు. పెంచిన పది రోజులకు పిల్లలు వచ్చి కూర్చున్నారు. తర్వాతి సారి స్ట్రిప్పులన్నీ టేబుల్ మీద పరిచినప్పుడు డాక్టర్ ఆ క్యాప్సూల్ వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివారు, అందులో లెవోసల్పిరైడ్ ఉంది. అది మెదడులో డోపమైన్ పనిని అడ్డుకునే మందు. డోపమైన్ అంటే ఒంటిని కదిలించే రసాయనం, లెవోడోపా మెదడులోకి పోయి మారేది దానిగానే. ఒక చేత్తో డోపమైన్ పోస్తూ ఇంకో చేత్తో దారి మూసేశాం మేము. క్యాప్సూల్ ఆపి, లెవోడోపాను మెల్లగా పాత డోసుకు తెచ్చారు. నడక తిరిగి వచ్చింది. పిల్లలు పూర్తిగా పోలేదు, కానీ ఇప్పుడు ఎప్పుడో ఒకసారి వస్తారు.

అందుకే ఈ పేర్లు నోట్‌బుక్‌లో రాసుకోండి, కొత్త మందు ఏది రాసినా స్ట్రిప్ వెనక చదవండి. గ్యాస్ గోలీల్లో కలిసి వచ్చే లెవోసల్పిరైడ్. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, అంటే పెరినార్మ్ లాంటివి. వాంతులకు, తల తిరగడానికి ఇచ్చే ప్రోక్లోర్‌పెరజిన్, అంటే స్టెమెటిల్. తల తిరగడానికి, మైగ్రేన్‌కి రాసే సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్. కేకలు వేస్తున్న మనిషిని పడుకోబెట్టడానికి ఇచ్చే హలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్. ఇవన్నీ పార్కిన్సన్స్‌ను ఎక్కువ చేస్తాయి, లెవీ బాడీ డిమెన్షియా ఉన్నవాళ్లకు హలోపెరిడాల్ లాంటిది ప్రాణాంతకం కూడా కావచ్చు. వాంతులకైతే డాంపెరిడోన్, ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటివి ఉన్నాయి, గుండె జబ్బు ఉంటే అవి కూడా అడిగే వాడాలి. పార్కిన్సన్స్‌కే ఇచ్చే రసాజిలిన్, సెలిజిలిన్ వాడుతుంటే దగ్గు సిరప్పులో డెక్స్ట్రోమెథార్ఫాన్, నొప్పికి ట్రమడాల్ వద్దు. జలుబుకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే గోలీల్లో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటే అది కూడా పెద్దవాళ్ల మతిని మసకబారుస్తుంది.

దూలగొండి పొడి సంగతి కూడా చెప్పాలి. కంపవాతానికి మన ఆయుర్వేదంలో ఎప్పటినుంచో వాడుతున్నదే, ఆ గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంటుంది. ప్రమాదం కూడా అందుకే. గోలీ ఇస్తూ పైనుంచి ఈ పొడి ఇస్తే ఎంత లెవోడోపా లోపలికి పోతోందో ఎవరికీ లెక్క ఉండదు. వాడుతుంటే దాచకుండా డాక్టర్‌కు చెప్పండి.

డాక్టర్‌ను ఏం అడగాలి

"లేనివి కనిపిస్తున్నాయి, మందు రాయండి" అనేకంటే "ఉన్నవాటిలో ఏది తగ్గించొచ్చు" అని ముందు అడగండి. మామూలుగా వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, అంటే పేసిటేన్, మతిని బాగా దెబ్బ తీస్తుంది కాబట్టి మొదట దాన్ని మెల్లగా తగ్గిస్తారు. ఆ తర్వాత అమంటాడిన్, ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటివి చూస్తారు. కాళ్లకు అసలు బలం లెవోడోపాయే కాబట్టి దాన్ని చివరిదాకా ఉంచుతారు. ఏదీ ఒక్కసారిగా ఆపరు. అప్పుడు డాక్టర్ మిమ్మల్ని అడగొచ్చు, అడగకపోయినా మీరే చెప్పండి, మీ ఇంటికి ఏది ఎక్కువ ముఖ్యమో. మేము ఇట్లా చెప్పాం: నాన్న పది అడుగులు తక్కువ నడిచినా ఫర్వాలేదు, రాత్రి భయపడకుండా పడుకుంటే చాలు. మీ ఇంట్లో ఇది వేరేగా ఉండొచ్చు. నాన్న కూడా ఆ గదిలో కూర్చునే ఉన్నాడు, ఆయన్నీ అడిగాం, తల ఊపాడు.

మతిమరుపుకు రివాస్టిగ్మిన్ ఇస్తారు. ఇది జబ్బును వెనక్కి తిప్పదు, కానీ కొంతమందిలో ధ్యాస నిలుస్తుంది, లేనివి కనిపించడం తగ్గుతుంది. క్యాప్సూల్‌తో వాంతులు వస్తే ప్యాచ్ అడగండి. ప్యాచ్ వేసేటప్పుడు పాతది తీసేశాకే కొత్తది, రోజూ చోటు మార్చాలి, వీపు మీద వేస్తే వాళ్లు పీక్కోలేరు. పాతది తీయకుండా ఇంకోటి వేస్తే డోసు ఎక్కువై ఆసుపత్రిలో పడతారు. భ్రమలు మరీ భయపెడుతుంటే క్వెటియాపిన్ చాలా తక్కువ డోసులో రాత్రి పూట, లేదా క్లోజపిన్ ఇస్తారు, క్లోజపిన్‌కు రక్తంలో తెల్ల కణాలు క్రమం తప్పకుండా చూపించుకోవాలి.

మాట, లైటు

పిల్లలున్నారని నాన్న అంటే మొదట్లో నేను వాదించేదాన్ని, సోఫా మీద చెయ్యి పెట్టి చూపించేదాన్ని. ఆయనకు కోపం వచ్చేది, తర్వాత ఏడుపు వచ్చేది. ఇప్పుడు, "నాకు కనిపించట్లేదు నాన్నా, నీకు కనిపిస్తున్నరు కదా, వాళ్లేం చెయ్యరు, నేనున్న" అంటాను. లేదని కొట్టిపారెయ్యను, ఉన్నారని అబద్ధం చెప్పను. చెయ్యి పట్టుకుని ఇంకో గదిలోకి తీసుకెళ్తాను, గది మారితే చాలాసార్లు భ్రమ కూడా పోతుంది. ఆ భ్రమ ఆయన్ను భయపెట్టనంత కాలం ప్రతిసారీ గోలీ అక్కర్లేదు.

సాయంత్రం చీకటి పడకముందే ట్యూబ్‌లైట్లన్నీ వేయండి. తలుపు వెనక కొక్కేనికి వేలాడే చొక్కా రాత్రి మనిషి అవుతుంది, తీసేయండి. మా ఇంట్లో నానమ్మ ఫొటో కింద ఎర్ర జీరో బల్బు ఉండేది, దాని వెలుగులో దండ నీడ గోడ మీద కదిలేది, నాన్న రోజూ అర్ధరాత్రి "అమ్మ పిలుస్తుంది" అని లేచి పడబోయేవాడు. బల్బు మార్చి తెల్లటి నైట్‌లైట్ పెట్టాక వారంలో తగ్గింది. కంటి చూపు, కళ్లజోడు పరీక్ష చేయించండి, శుక్లాలున్నా ఇవన్నీ ఎక్కువవుతాయి. టీవీలో క్రైమ్ వార్తలు రాత్రి పూట వద్దు.

మాట్లాడేటప్పుడు ఒక్కో మాట, ఒక్కో పని. "లేచి చెప్పులేసుకుని బాత్రూమ్‌కి పోదాం రా" అంటే మూడు పనులు, ఆ మెదడుకు బరువు. "లే నాన్నా" అని ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి. జవాబు లోపల తయారవుతూ ఉంటుంది, బయటికి రావడానికి టైమ్ పడుతుంది. పేరు గుర్తు రాకపోతే మొదటి అక్షరం అందివ్వండి, ఈ జబ్బులో చాలాసార్లు జ్ఞాపకం లోపలే ఉంటుంది, పైకి లాగడమే కష్టం.

మీకు ఒంటరిగా అనిపించినప్పుడు, ఎవరిని అడగాలో తెలియనప్పుడు పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567, మనసు బాగోలేకపోతే టెలి మానస్ 14416, రెండూ ఉచితమే. నేను 14416కి ఒకసారి అర్ధరాత్రి చేశాను, చేసినందుకు సంతోషం.

చివరి పని, ఆసుపత్రి కాగితం. కాలు విరిగో, జ్వరం వచ్చో అడ్మిట్ అయితే అక్కడి డ్యూటీ వాళ్లు గోలీలను తమ రౌండ్ టైమ్‌కి ఇస్తారు, రాత్రి కేకలు వేస్తే హలోపెరిడాల్ ఇంజెక్షన్ చేసే అవకాశం ఉంటుంది. అందుకే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి: పార్కిన్సన్స్ ఉంది, డిమెన్షియా ఉంది, లెవోడోపా ఈ గంటలకే ఇవ్వాలి, ఆపొద్దు, ఈ మందులు ఇవ్వొద్దు, మా న్యూరాలజిస్ట్ నంబర్ ఇది. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టర్‌కు ముందే చూపించండి. మాది ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంది, ఒక కాపీ రిపోర్టుల ఫైల్లో, ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో. మా తమ్ముడు బెంగళూరులో ఉంటాడు, వాడి ఫోన్లో కూడా ఉంది.